మూడు మెట్ల షాపు ఒకటిన్నర మెట్టుకొచ్చింది: ఉప్పల్–సికింద్రాబాద్ దారి, పదిహేనేళ్ల నోట్సు

హైదరాబాద్‌లో హబ్సిగూడ దాటి తార్నాక వైపు వెళ్తుంటే ఎడమ చేతి వైపు ఒక పాత కిరాణా షాపు ఉంది. 2010లో దాని ముందు మూడు మెట్లు. ఒక్కోటి 13 సెంటీమీటర్లు, మొత్తం 39. ఇప్పుడు కొలిస్తే 19. అంటే ఒకటిన్నర మెట్టు. షాపు కుంగలేదు, మెట్లు ఎవరూ కొట్టెయ్యలేదు. రోడ్డే లేచింది. పదిహేనేళ్లలో 20 సెంటీమీటర్లు లేచింది, ఏ ఒక్క రోజూ ఎవరి కంటా పడలేదు.

రోజూ వెళ్లే దారి మారేది ఇలాగే. మనకు నిన్నటి దారి గుర్తుంటుంది, పదేళ్ల కిందటి దారి గుర్తుండదు. ఇవాళ్టిని నిన్నటితో పోల్చుకుంటాం కాబట్టి తేడా తెలియదు. తెలియాలంటే కదలని గుర్తు ఒకటి, దాని దగ్గర కొలత ఒకటి, కొలిచిన తేదీ ఒకటి కావాలి. ఉప్పల్ రింగు, హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, ఆలుగడ్డబావి మీదుగా సికింద్రాబాద్ స్టేషన్ దాకా ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు దారికి 2010 జనవరి నుంచి నోట్సు రాస్తున్నాను. మొదట్లో బస్సు, తర్వాత బండి, 2017 నవంబరులో నాగోల్ మెట్రో మొదలయ్యాక ఎక్కువగా రైలు. నోట్సు ఎలా పెట్టాలో, ఎక్కడ తప్పుతుందో తెలియడానికి నాలుగైదేళ్లు పట్టింది. ఆ సంగతులే ఇవి.

ముందు రోడ్డు సంగతి పూర్తి చేస్తాను. తారు అరిగినప్పుడు పైన రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్ల కొత్త పొర వేస్తారు. పద్ధతి ప్రకారం ముందు మిల్లింగ్ మెషీన్‌తో పాత పొరను అంతే మందం గీకెయ్యాలి. గీకకుండా మీద మీదే వేసుకుంటూ పోతే ప్రతిసారీ ఆ మందం రోడ్డు ఎత్తులో కలుస్తుంది. అనుమానం ఉంటే పైపు కోసమో కేబుల్ కోసమో రోడ్డు తవ్వినప్పుడు ఆగి గుంత గోడ చూడండి. పైన నల్లగా నిగనిగలాడే పొర, దాని కింద బూడిద రంగుకు తిరిగిన పొర, రెంటి మధ్యా సన్నటి మట్టి గీత. ఆ గీత పాత రోడ్డు మీద అప్పట్లో ఉన్న దుమ్ము, సరిగ్గా ఊడవకుండానే తారు పోసేశారన్న మాట. 2022లో తార్నాక దగ్గర ఒక గుంతలో అయిదు పొరలు లెక్కపెట్టాను. అన్నీ మూడున్నర, నాలుగు సెంటీమీటర్ల మధ్యే. మెట్ల లెక్కా గుంత లెక్కా సరిపోయాయి.

రోడ్డు లేస్తే నీళ్లు దారి మార్చుకుంటాయి. ఒకప్పుడు ఇంటి వాకిట్లోంచి రోడ్డు మీదికి పోయే వాన ఇప్పుడు రోడ్డు మీంచి వాకిట్లోకి వస్తుంది. గేటు కింద అంచు నేలకు గీసుకుంటే దాన్ని కోయించి పొట్టి చేయిస్తారు, తర్వాత గడప ముందు సిమెంటు గట్టు కట్టిస్తారు. ఒక వీధిలో కోసిన గేట్లు, కొత్త గట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే చాలు, ఆ రోడ్డు ఎంత లేచిందో స్కేలు లేకుండానే తెలుస్తుంది. 2020 అక్టోబరు వానల్లో ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ వీధుల్లోకి వచ్చిన నీళ్లకు చెరువులూ నాలాలూ పెద్ద కారణం. అయితే ఆ నీళ్లు ఇళ్లలోకి ఎక్కడం ఎంత తేలికైందన్న దాంట్లో ఈ పొరల పాత్ర కూడా ఉంది. మ్యాన్‌హోల్ మూతలూ ఇంతే. చుట్టూ తారు లేస్తే మూత గిన్నెలా లోపలికి పోతుంది, బండి చక్రం అందులో దిగుతుంది. మూత కుంగిందని అందరూ అనుకుంటారు, నిజానికి అది ఉన్న చోటే ఉంది.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. రోడ్డు అంచున నీళ్లు పోవడానికి వాలు ఉంటుంది, అక్కడే మట్టి కూడా పేరుకుంటుంది. మెట్టుకు ఆనించి కొలిస్తే ఒకసారి 19, ఇంకోసారి 22 వస్తుంది. మెట్టు మీదినుంచి ఒక చదునైన కర్రను రోడ్డు వైపు 60 సెంటీమీటర్లు బయటికి చాపి, దాని మీద మేస్త్రీలు వాడే, గాలి బుడగ ఉండే స్పిరిట్ లెవెల్ పెట్టి, కర్ర కొస నుంచి కిందికి స్టీలు స్కేలుతో కొలవాలి. ఏడాదికి ఒకసారి, వానాకాలం ముందు కొలిస్తే చాలు. నేను మొదట ఫుట్‌పాత్ అంచున పెట్టే కెర్బ్ రాయి ఎత్తు కొలిచేవాణ్ని. 2010లో 15 సెంటీమీటర్లు, 2013లో 11. మెట్రో పనుల తర్వాత ఫుట్‌పాత్ కొత్తగా వేసి కొత్త కెర్బ్ పెట్టడంతో ఒక్కసారిగా మళ్లీ 15కి వచ్చింది. ఏడేళ్ల కొలత అక్కడితో తెగిపోయింది. కెర్బ్, డివైడర్, బస్ షెల్టర్ లాంటివి రోడ్డుతో పాటు మారిపోతాయి కాబట్టి గుర్తుగా పనికిరావు. పాత ఇంటి అరుగు, గుడి మెట్టు, కల్వర్టు రాయి, కాంపౌండ్ గోడలో బండరాళ్ల వరస నమ్మదగ్గవి. వాటిలో కూడా ఒక చోటికి రెండు గుర్తులు పెట్టుకోవాలి. రోడ్డు వెడల్పులో ఒకటి పోతే ఇంకోటి మిగులుతుంది. నా ఏడు చోట్లలో మూడింటికి మొదటి గుర్తు పోయింది, రెండోదే కాపాడింది.

ఏడు చోట్లు అన్నాను కదా. అంతకంటే మరీ ఎక్కువ పెట్టుకోకండి. మొదటి ఏడాది ఇరవై రెండు పెట్టుకుని మార్చికల్లా వదిలేశాను. కిలోమీటరుకు ఒకటి చొప్పున, సిగ్నల్ దగ్గరో బస్ స్టాప్ దగ్గరో ఎలాగూ ఆగే చోట్లు ఎంచుకుంటే పని సాగుతుంది. బండి నడుపుతూ ఫోన్ తియ్యడం మాత్రం వద్దు, ఆగాకే.

ఫొటో నెలకొకటి, మొదటి బుధవారం, ఒకే వేళకు. ఈ దారిలో పొద్దున పడమటికి పోతాం, సాయంత్రం తూర్పుకు వస్తాం. రెండు పూటలా ఎండ వీపు మీదే ఉంటుంది కాబట్టి ఎదురుగా తీసిన ఫొటోలో బోర్డుల మీది అక్షరాలు కూడా స్పష్టంగా చదవొచ్చు. మీ దారి దీనికి తిరగబడి ఉంటే వెనక్కి తిరిగి తియ్యండి. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి. జూమ్ వద్దు, వైడ్ వద్దు, మామూలు ఒకటే. ఫ్రేములో ఎడమ అంచున ఒక గుర్తు, కుడి అంచున ఒక గుర్తు పడాలి. ఇది రాసి పెట్టుకోవాలి: "ఎడమ అంచు: గోడ మూల. కుడి అంచు: ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె." ఫోన్ మారితే లెన్సు మారుతుంది, పాత ఫొటో కంటే చెట్టు దగ్గరగానో దూరంగానో కనిపిస్తుంది. అంచు గుర్తులు రాసి ఉంటే రెండడుగులు ముందుకో వెనక్కో జరిగి సరిచేసుకోవచ్చు. ఫోన్ మార్చిన నెలలో పాతదానితో ఒకటి, కొత్తదానితో ఒకటి తీసి పెట్టుకుంటే ఇంకా నయం.

ఫొటోలు వాట్సాప్‌లో పంపుకుని దాచుకుంటే తేదీ, చోటు వివరాలు ఎగిరిపోతాయి, బోర్డుల మీద చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫైలు పేరులోనే తేదీ, చోటు నంబరు పెట్టాలి: 2014-06-04-చోటు3. ఫోన్ తనంతట తానే రాసిపెట్టే ప్రయాణ చరిత్రను కూడా నమ్ముకోవద్దు. గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్‌ను 2024లో సర్వర్ నుంచి ఫోన్‌లోకి మార్చినప్పుడు గడువులోగా మార్చుకోని వాళ్ల పాత ప్రయాణాలు చాలా పోయాయి. గూగుల్ స్ట్రీట్ వ్యూ మన నగరాలకు 2022 జులైలో గానీ మొదలు కాలేదు, అంతకు ముందు వీధి ఎలా ఉందో అందులో దొరకదు. పైనుంచి చూడాలంటే గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలున్నాయి. చెట్ల గొడుగు, కొత్త కప్పులు, చెరువు అంచు చూడ్డానికి అవి బాగా పనికొస్తాయి. మెట్లు మాత్రం అందులో కనిపించవు.

తేదీ లేని పాత ఫొటో దొరికితే బండ్ల నంబర్ ప్లేట్లే క్యాలెండర్. టీఎస్ కనిపిస్తే 2014 జూన్ తర్వాతిది. టీజీ కనిపిస్తే 2024 మార్చి తర్వాతిది. అన్నీ ఏపీ అయితే 2014కు ముందుదని దాదాపుగా చెప్పొచ్చు, కానీ ఒక్క బండిని చూసి చెప్పకండి, పాత బండ్లు ఇప్పటికీ ఏపీ నంబర్లతోనే తిరుగుతున్నాయి. పది బండ్లు కనిపిస్తే నయం. ఈ దారిలో ఇంకో గడియారం మెట్రో. డివైడర్‌లో రేకుల కంచె, ఒంటి పిల్లర్లు, పిల్లర్ల మీద గడ్డర్లు, పట్టాలు, రైలు, ఒక్కో దశకూ ఒక్కో కాలం. ఉప్పల్ రింగులో రోడ్డుకు పైన కట్టిన నడక వంతెన (స్కైవాక్) మీద జనం నడుస్తూ కనిపిస్తే 2023 జూన్ తర్వాతిది. షాపు గల్లా మీద క్యూఆర్ కోడ్ అట్ట కనిపిస్తే 2016 చివరి నోట్ల రద్దు తర్వాతిదనుకోవచ్చు.

మెట్రో పిల్లర్ల వల్ల అడ్రసులు కూడా మారాయి. "ఫలానా బ్యాంకు పక్కన" అని రాసిన బోర్డులు "మెట్రో పిల్లర్ నంబరు ఇంత, ఎదురుగా" అయ్యాయి. మెహిదీపట్నం వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచాక అక్కడా ఇదే జరిగింది. నోట్సు రాసేవాళ్లకు ఇది వరం. పిల్లర్ కదలదు, నంబరు మారదు. 2010 నాటి నా చోట్లన్నిటికీ ఇప్పుడు పక్కన పిల్లర్ నంబరు రాసుకున్నాను.

వచ్చింది కనిపిస్తుంది, పోయింది కనిపించదు. ఈ పనిలో అన్నిటికంటే కష్టం ఇదే. కొత్త హోటల్ తెరిస్తే ఆ రోజే చూస్తాం. అక్కడ అంతకుముందు ఏముందో ఆరు నెలలకే నోటికి రాదు. దీనికి ఒక్కటే ఉపాయం దొరికింది. ప్రతి జనవరిలో అయిదేళ్ల కిందటి ఫొటోను ప్రింటు తీసుకుని ఆ చోటికే వెళ్లి, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి ఒక్కో వస్తువు మీద వేలు పెట్టి "ఉందా, లేదా" అని టిక్కు కొట్టాలి. పావుగంట పని. ఇంట్లో కూర్చుని స్క్రీన్ మీద రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే సగం దొరకవు. అక్కడ నిలబడితే దొరుకుతాయి. అలా దొరికినవే పసుపు రంగు ఎస్టీడీ బూత్, ఎర్ర పోస్టు డబ్బా, వేసవి చలివేంద్రం కుండల దిమ్మె, ఇంటర్నెట్ సెంటర్, చెప్పులు కుట్టే ఆయన గొడుగు కోసం ఫుట్‌పాత్‌లో పాతుకున్న ఇనప గొట్టం. ఆ గొట్టం మొదలు తారులో ఇంకా అంగుళం కనిపిస్తుంది.

బోర్డుల దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగండి. మెట్టుగూడలో ఒక షట్టర్ మీద ఫ్లెక్సీ గాలికి సగం ఊడింది. కింద రేకు మడతల్లో ఆయిల్ పెయింటు తెలుగు అక్షరాలు బయటపడ్డాయి. పెయింటర్ చేత్తో రాసిన "క్లాత్ స్టోర్స్", "క్లా" కింద నీడ కోసం వేసిన నీలం గీత, మూలన చిన్నగా ఆర్టిస్టు పేరు. దాని కింద ఇంకో పొర, పాత పచ్చ రంగు, "కిరాయి సైకి" దాకా చదవడానికి వచ్చింది. ఒకే షట్టర్ మీద మూడు వ్యాపారాలు, తారు పొరల్లాగే. ఇలాంటివి కనిపించిన రోజే ఫొటో తియ్యాలి. నెల మొదటి బుధవారం దాకా ఆగితే కొత్త ఫ్లెక్సీ వచ్చేస్తుంది. ఈ షట్టర్‌కు నాలుగో రోజే వచ్చింది.

చెట్ల లెక్కలో ఎక్కువమంది పొరబడేది నెలలు కలిపెయ్యడంలో. మే నెల ఫొటోను ఆగస్టు ఫొటోతో పోల్చి నీడ పెరిగిందనో తగ్గిందనో తేల్చేస్తారు. ఈ రోడ్డు పక్కన నిద్రగన్నేరు ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాలుస్తుంది, కానుగకు మార్చిలో లేతాకు, వేపకు ఉగాది ముందు పూత, రేల, తురాయి పూసేది ఏప్రిల్, మే. మార్చితో మార్చినే పోల్చాలి. 2021 వానాకాలం తర్వాత తెలంగాణ అంతటా వేపచెట్లు కొమ్మల కొసల నుంచి ఎండి గోధుమ రంగుకు తిరిగాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొసకుళ్లు తెగులు అది. డిసెంబరు ఫొటోలు చూసి చెట్లు చచ్చిపోయాయని చాలామంది రాసేశారు. తర్వాతి ఉగాదికి వాటిలో చాలా చెట్లు చిగురేశాయి. ఎండిన చెట్టును "పోయింది" అని రాసే ముందు ఒక ఉగాది దాటనివ్వాలి.

మాను చుట్టుకొలత నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అంటే 137 సెంటీమీటర్ల దగ్గర కొలుస్తారు. దర్జీ టేపు ఏటవాలుగా పడితే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది కాబట్టి రెండో మనిషి అవతలి వైపు టేపు సరిచూడాలి. ఇక్కడ కూడా రోడ్డే ఇబ్బంది పెట్టింది. 2010లో నేల నుంచి 137 దగ్గర కొలిచిన నిద్రగన్నేరుకు 2019లో అదే 137 దగ్గర కొలిస్తే పెరుగుదల నేను అనుకున్నదాని కంటే బాగా తక్కువ వచ్చింది. నేల 12 సెంటీమీటర్లు లేచింది, మాను పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అంటే నేను పాత చోటికి పన్నెండు సెంటీమీటర్ల పైన కొలుస్తున్నాను. మాను మీద మొదటిసారే సున్నంతో గీత గీసి, ఏటా దాన్ని దిద్దుకుంటే ఈ తిప్పలు ఉండవు. మేకు మాత్రం కొట్టొద్దు. మాను మొదలుకు తారూ సిమెంటూ ఆనించి పోసిన చెట్లను విడిగా రాసుకోండి. వేరుకు నీరూ గాలీ అందక అవి ఏళ్ల తరబడి మెల్లగా పైనుంచి ఎండుతాయి. నా జాబితాలో ఈదురుగాలికి పడిపోయిన నాలుగు చెట్లలో మూడు ఇలా సిమెంటు బిగించినవే. కనీసం మీటరు వెడల్పు మట్టి చుట్టూ వదిలితే ఆ మూడూ ఇవాళ ఉండేవనే నా నమ్మకం.

ప్రయాణ సమయం రాయడం తేలిక, తప్పు లెక్క చెయ్యడం ఇంకా తేలిక. రైలుకు మారాక కూడా బుధవారాలు బండి మీదే వెళ్తూ 8.40కి ఉప్పల్ సిగ్నల్ దాటిన నిమిషం, స్టేషన్ ముందు ఆగిన నిమిషం రాస్తున్నాను. సోమ, శుక్రవారాలు వద్దు. సెలవులు కలుపుకునే వాళ్ల వల్ల, ఈమధ్య ఇంటినుంచి పనిచేసే వాళ్ల వల్ల ఆ రోజులు అటూ ఇటూ ఊగుతాయి. సగటు కట్టొద్దు. అయిదు బుధవారాలకు 31, 33, 34, 36, 70 నిమిషాలు వచ్చాయనుకోండి. ఆ 70 నిమిషాల రోజు ఎక్కడో లారీ ఆగిపోయింది. సగటు దాదాపు 41, కానీ ఏ రోజూ 41 పట్టలేదు. వరసగా పేర్చి నడిమి అంకె, 34, తీసుకోవాలి. దసరా, వేసవి సెలవులు, పరీక్షల వారాలు పక్కన రాయాలి. 2020 మార్చి 22 నుంచి సెప్టెంబరు దాకా మెట్రో నడవని కాలాన్ని వేరే పేజీలో పెట్టాలి. దాన్ని కలిపితే ఆ ఏడాది ట్రాఫిక్ తగ్గిందని కాగితం అబద్ధం చెబుతుంది.

బస్సులో వెళ్లే వాళ్లకు ఒక సూచన. ఎడమ కిటికీలోంచి షాపులు, ఫుట్‌పాత్ కనిపిస్తాయి, కుడి కిటికీలోంచి డివైడర్, ఎదురు వైపు. నెలకోసారి వైపు మారండి. బస్సు లోపల కూడా రాయాల్సింది ఉంది. కండక్టర్ చేతిలో టికెట్ల కట్ట పోయి మెషీన్ వచ్చింది. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక వెనక సగంలో కూడా ఆడవాళ్లే ఎక్కువ కనిపించడం రెండు వారాల్లోనే నోట్సులోకి ఎక్కింది. ఇలాంటి ఒక్కసారి మార్పులకు తేదీ సులువుగా దొరుకుతుంది.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర మాత్రం నా లెక్క తప్పింది. 1874 నాటి స్టేషన్, దాని ముఖద్వారం ఎక్కడికి పోతుందిలే అని ఏడో చోటును స్టేషన్‌కు ఎదురుగా కాకుండా పక్క సందులోకి పెట్టుకున్నాను. 2023 ఏప్రిల్‌లో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది, 2025లో పాత ముందు భాగం కూల్చేశారు. పదిహేనేళ్లు రోజూ చూసిన ఆ ముఖద్వారం నా ఫొటోల్లో నిండుగా ఉన్నవి నాలుగే, నాలుగూ ఎవరినో దింపడానికి వెళ్లినప్పుడు తీసినవి. కదలదనుకున్న దాన్ని ముందు తియ్యాలని అప్పటి నుంచి నోట్సు అట్ట లోపల రాసుకున్నాను. ఇప్పుడు ఎనిమిదో చోటు స్టేషన్ ముందే, కొత్త భవనం లేస్తున్న వైపు. కిరాణా షాపు మెట్ల కొలత మళ్లీ వచ్చే మే నెలలో.